పరదేశవాసులకు స్వగ్రామవార్త

2021వ సంవత్సరము నవంబరు నెలలో తిరుపతి ప్రాంతమును ముంచెత్తిన వానలను మా పాఠకులు మరచియుండరు. ఆ నెల 18వ తేదీన కపిలతీర్థమున కొండమీదినుండి విరుచుకొనిపడిన నీటిని, తిరుపతి వీథులలో ఏరులై పారిన వరదను లోకమంతయు చూచినది. మూడు దినములు గడచునప్పటికి రామచంద్రాపురము మండలములోని రాయలచెరువు కట్టకు ఊట పుట్టెను. అధికారులు కట్టక్రింది పల్లెలను ఖాళీ చేయించిరి. ఆ రాత్రి పుత్తూరులో మా వృద్ధమిత్రు డొకడు నిద్ర లేచినది వాన చప్పుడునకు గాదు, టెలిఫోను మ్రోతకు. అమెరికాలో టెక్సాసునుండి కుమారుడు పిలిచెను. "నాయనా, రాయలచెరువు తెగిపోయిందంట గదా, మీరు ఏడుండారు?" అని యడిగెను. "పొద్దు గూకేదాకా కట్ట నిలబడే ఉండాదన్నారే" అని తండ్రి జవాబు చెప్పెను గాని, చెప్పుచుండగనే ఆయనకు సందేహము కలిగెను. తొమ్మిదివేల మైళ్ళ దూరమున నున్నవాడు అంత గట్టిగా చెప్పుచుండ, ప్రక్కనున్న తానెట్లు కాదనగలడు?

చెరువు తెగలేదు. కుమారుని చేతనున్న యంత్రములో మాత్రము అది రెండు గంటల క్రిందనే తెగిపోయియుండెను. తండ్రి ఇరుగుపొరుగు వారిని లేపెను. వారు నారాయణవనములోని చుట్టములకు ఫోను చేసిరి. ఆ చుట్టములు మరికొందరికి చేసిరి. తెగని చెరువు నీరు తెల్లవారువరకు ఇంటింట పారినది. ఇచ్చట బయలుదేరిన యొక యనుమానము సముద్రములు దాటి, అచ్చట నిశ్చయమై, పుత్తూరికే తిరిగివచ్చి పుత్తూరువారిని లేపెను. ఆ కుమారుని మేము నిందింపము. తల్లిదండ్రులను విడిచి యంత దూరమున నున్నవాడు వాన వార్త వినినప్పుడు ఉలికిపడకుండునా? నిందింపవలసినది వేరొకటి కలదు. ఆ రాత్రి రాయలచెరువు కట్టమీద నిలిచి, కన్నులార చూచి, "కట్ట నిలిచియున్నది, ఊట యింత యున్నది, ఇసుకబస్తాలు వేయుచున్నారు" అని గంటగంటకు తెలుపగల నమ్మకమైన మనిషి యొక్కడు, వాని వెనుక నమ్మకమైన పత్రిక యొక్కటి, ఆ కుమారునకు తెలిసియుండలేదు. తెలిసిన పత్రికకు అతడు చందా కట్టియుండలేదు. ఇది మేము నేడు వ్రాయదలచిన విషయము.

మనవారు దేశాంతరములు పోవుట నేటి మాట గాదు. 1860 నవంబరు 16వ తేదీన మదరాసునుండి బయలుదేరిన ట్రూరో యను ఓడ కూలివారితో దర్బను రేవు చేరెను. అది మొదలు 1911 వరకు నేటాలునకు పోయిన హిందూదేశపు కూలీలు లక్షన్నరకు మించిరి. వారిలో మన ఉత్తరార్కాటు పల్లెలవారు అనేకులు. నేటి మన తాలూకాలు నాడు ఉత్తరార్కాటులోనివే; చిత్తూరు జిల్లా యేర్పడినది 1911లోనే గదా. చెరకు తోటలలో పనిచేసిన యా తెలుగువారికి ఊరివార్త యెట్లు తెలిసెడిది? క్రొత్తగా ఓడ దిగినవాడు చెప్పినదే వార్త. ఆ ఓడలో తమ యూరివాడు లేకున్న, మరల ఓడ వచ్చువరకు ఊరు లేనట్లే. 1903లో దర్బనులో ఇండియన్ ఒపీనియన్ పత్రిక పుట్టెను. గాంధీమహాత్ముని పత్రిక యది. ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళ భాషలలో వెలువడినది. తెలుగు పుట లేదు. 1906లో హిందీ, తమిళ పుటలును ఆగిపోయినవి. తెలుగువారికి ఆగుటకైనను ఒక పుట లేకపోయెను. వారు ఆంధ్రమహాసభను స్థాపించుకొన్నది 1931లో. మొదటి ఓడ దిగిన డెబ్బదియొక యేండ్లకు. అప్పటికి మనుమల నోట తెలుగు తడబడసాగెను. భాష పోవుటకు కారణములు పెక్కు గలవు గాని, ఊరివార్త తెగిపోవుట వానిలో మొదటిదని మా యభిప్రాయము. పలుకరించుటకు సంగతి లేనిచో పలుకెట్లు నిలుచును?

ఇంకొక దారి త్రొక్కినవారు కలరు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను 1908లో ప్రారంభించినది బెజవాడలో గాదు, మదరాసులో గాదు, బొంబాయిలో. కామాఠీపురము మొదలగు పేటలలో తెలుగు కూలివారు, తెలుగు మేస్త్రీలు వేలకొలది యుండిన మహానగరమది. అమృతాంజనము అమ్మిన ధనముతో పంతులుగారు పరాయి నగరమున తెలుగు వారపత్రిక నడిపిరి. 1914లో దానిని దినపత్రికగా చేసి మదరాసునకు తెచ్చిరి. అనగా తెలుగువారి ప్రఖ్యాత పత్రికలలో నొకటి ప్రవాసమున బుట్టి స్వస్థలమునకు నడచివచ్చినది. ప్రవాసియైనవాడు వార్తకై చేయిచాచి కూర్చుండనక్కరలేదు, వార్తను పుట్టించి తన దేశమునకే పంపగలడని చెప్పుటకు ఇంతకంటె వేరు సాక్ష్యము కావలెనా? కనిగిరినుండి 1912లో అమెరికా పోయిన దరిశి చెంచయ్యగారు అచ్చట గదరు కక్షలో చేరిరి. శాన్ ఫ్రాన్సిస్కోలో 1913 నవంబరు 1వ తేదీన తొలి సంచిక వెలువడిన గదరు పత్రిక ప్రవాసుల డాలర్లతో అచ్చయి, దొంగచాటున స్వదేశము చేరెడిది. చదువుకొన బోయిన విద్యార్థులు, రంపపుకోత మిల్లులలోను పొలములలోను కూలి చేసిన పంజాబీలు ఆ ఖర్చు భరించిరి. నేటి మన ప్రవాసులలో పెక్కండ్ర యొక వారపు జీతము వారి యేడాది సంపాదనకంటె నెక్కువ.

నాటికిని నేటికిని భేదము మా కెరుకయే. నాడు వార్త కరువు. 1878లో లిట్టను ప్రభువు దేశభాషాపత్రికల గొంతు నులుముటకు చట్టము చేసెను. రిప్పను ప్రభువు దానిని 1882లో తీసివేయువరకు పత్రిక నడుపుట కత్తిమీద సాము. 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు స్వరాజ్య పత్రికలోని వ్యాసమునకు చెరసాల కేగిరి. రంగూనుపై 1941 డిసెంబరు 23న బాంబులు పడినప్పుడు, అచ్చటి తెలుగు కూలీల కుటుంబములు తమవారు బ్రతికియున్నారో లేదో తెలియక నెలల తరబడి దారులు కాచినవి. అంత దూర మేల? 1990 ఆగష్టు 2న ఇరాకు సైన్యము కువైటును ఆక్రమించినప్పుడు మన రాయలసీమ గ్రామములలో ఏమి జరిగినదో చెప్పగలవారు నేటికిని సజీవులై యున్నారు. ఉత్తరములు నిలిచిపోయినవి. టెలిఫోను పలుకదు. రేడియోలో వచ్చు నాలుగు ముక్కలకై పంచాయతీ అరుగులమీద జనము మూగిరి. అమ్మాను నగరమునుండి విమానములు లక్షా డెబ్బదివేల మందిని తెచ్చువరకు ఆ తల్లులకు కొడుకుల జాడ లేదు. ఆ కరువు తీరినది, మంచిదే.

తీరి, దాని స్థానమున వరద వచ్చినది. వరదనీరు త్రాగుటకు పనికిరాదని పల్లెవాసులకు ఒకరు చెప్పవలెనా? ఇల్లు మునిగినవాడే మంచినీటికి అలమటించును. నేడు ప్రవాసి పరిస్థితి యదియే. వాని చేతి యంత్రములో రాత్రింబవళ్ళు తెలుగు వార్త మ్రోగుచునే యున్నది. యూట్యూబు పేరిట నడుచు చిల్లర వార్తాంగళ్ళకు లెక్కలేదు. ప్రతి సంగతియు "సంచలనము", ప్రతి మాటయు "షాకు", ప్రతి చినుకును "జలప్రళయము". ఎంతమంది చూచిన అంత రాబడి గనుక, నిలిచిన కట్టకంటె తెగిన కట్టయే వారికి లాభము. ఇక వాట్సాపు గుంపులలో తిరుగు మాటకు తల్లి తండ్రి లేరు. "ఫార్వర్డు చేసినది" అను ముద్రయే దాని గోత్రము.

పెద్దలనుండి వచ్చు వార్తయైనను నిలుకడగా నుండదని 2025 సెప్టెంబరులో తెలిసెను. ఆ నెల 19వ తేదీన అమెరికా అధ్యక్షుడు ట్రంపు హెచ్‌-1బి వీసా అర్జీకి లక్ష డాలర్ల రుసుము విధించుచు ప్రకటన గావించెను. రుసుము ఏటేట కట్టవలెనని ఆయన వాణిజ్యమంత్రియే పలికెను. 21వ తేదీ తొలి నిమిషమునుండి అమలు. విదేశములలోని తమ యుద్యోగులు గడువులోగా వచ్చి చేరవలెనని పెద్ద కంపెనీలు వర్తమానములు పంపెను. స్వదేశమునకు రాదలచి విమానమెక్కి కూర్చున్నవారు దిగిపోయిరి. పెండ్లికని యింటికి వచ్చినవారు పెండ్లి విడిచి విమానాశ్రయములకు పరుగెత్తిరి. మరునాటికి శ్వేతభవనము మాట వేరయినది: ఈ రుసుము క్రొత్త అర్జీలకు మాత్రమే, ఒక్కసారి మాత్రమే, ఇప్పటికే వీసా గలవారి రాకపోకలకు సంబంధము లేదు. ఈ యొక్క దినములో మన జిల్లా యిండ్లలో కలిగిన వేదనకు, తగలబడిన టిక్కెట్ల సొమ్మునకు బాధ్యులెవరు? మూలప్రకటన పాఠమును నెమ్మదిగా చదివి, అందులో నేమి యున్నది, ఏమి లేదు అని తెలుగున నాలుగు వాక్యములు వ్రాసి, తెలియని దానిని తెలియదని చెప్పగల పత్రిక యానాడు ఎన్నింటికి దొరకినది? మన పుత్తూరు కట్టు లోకప్రసిద్ధము. ఎముక విరిగినవాడు వచ్చినప్పుడు కట్టువైద్యుడు ముందు చేతితో తడిమి, విరుగు డెచ్చటనో తెలిసికొని, తరువాత కట్టు వేయును. మన వార్తలవారు తడుమకుండగనే కట్టుచున్నారు. ఒక్కొక్కప్పుడు విరుగని కాలికి కూడ.

అయితే దోషమంతయు వార్త లమ్మువారిది మాత్రమే యనినచో మేము ప్రవాసుల ముఖప్రీతికై వ్రాసినవార మగుదుము. కొనువాడు లేక అంగడి నిలువదు. పరదేశమందలి మన విద్యావంతు డేమి చదువుచున్నాడు? తన కులపు నాయకు డేమనెను, తన యభిమాన నటుని చిత్రము తొలినాడెంత వసూలు చేసెను, తన కక్షకు సరిపడని ముఖ్యమంత్రి యెంత చెడ్డవాడు, ఈ మూటితో వాని వార్తాదాహము తీరిపోవుచున్నది. అమెరికాలో తెలుగు మాటాడువారి సంఖ్య 2010కిని 2017కిని నడుమ నూటికి ఎనుబదియారు వంతులు పెరిగినదని లెక్క తేలినప్పుడు మనమందరము గర్వించితిమి. సంఖ్య పెరిగినది; దానివెంట మన కులకక్షలును, నాయకుల పటములును, ఒకరినొకరు దూషించుకొను విద్యయు సముద్రము దాటినవి. ఇచ్చట 2024 మే 13న శాసనసభకు, లోకసభకు ఎన్నికలు జరిగినప్పుడు సెలవు పెట్టి, విమాన మెక్కి వచ్చినవా రున్నారు. వారి దేశాభిమానమును తక్కువ చేసి మాటాడుట మా యుద్దేశము గాదు. కాని 2021 ఫిబ్రవరిలో తమ గ్రామపంచాయతీకి ఎన్నికలు జరిగినప్పుడు సర్పంచిగా నిలిచిన దెవరో వారిలో నెందరికి తెలియును? తండ్రి త్రాగు నీటికి, తల్లి నడచు వీథికి, శ్మశానపు దారికి బాధ్యుడు సర్పంచియే గదా.

ఈ సందర్భమున ప్రభుత్వమువారిని కూడ ఒక మాట యడుగవలసియున్నది. 2010లో ప్రజాప్రాతినిధ్యచట్టమును సవరించి, విదేశములలో నున్న భారతపౌరులకు వోటుహక్కు నిచ్చితిమని చాటిరి. హక్కు నిచ్చిరి, దానిని వాడుకొనవలెనన్న స్వయముగా తన యూరి పోలింగు కేంద్రమునకు రావలెనని షరతు పెట్టిరి. కువైటులో ఇంటిపని చేయు స్త్రీ ఒక్క వోటుకై రెండు నెలల జీతము విమానమునకు పోయగలదా? ఫలితము చూడుడు. 2024 లోకసభ యెన్నికలకు పేరు వ్రాయించుకొన్న ప్రవాస వోటర్లు సుమారు 1,19,000. వచ్చి వోటు వేసినవారు 3,000కు లోపు. వారిలోను మిక్కిలి యధికులు కేరళమువారు. బయట నున్న మన పౌరులో కోటికి పైబడి. ప్రతినిధిద్వారా వోటు వేయించు సవరణ 2018లో లోకసభలో నెగ్గి, రాజ్యసభ ముఖము చూడకుండగనే 2019లో లోకసభతోపాటు కాలము చేసెను. వోటు లేనివానికి వార్తమీద శ్రద్ధ యేల కలుగును? చేతులు కట్టబడినవానికి మిగిలిన వినోదము అరచుట యొక్కటియే. ప్రవాసులు అరచుచున్నారని విసుగుకొను మన నాయకులు ఈ సంగతిని ఆలోచింతురు గాక.

ఇంతవరకు మేము ఆంగ్లము వచ్చినవారిని గూర్చియే మాటాడితిమి. సీమనుండి పోయినవారిలో వేరొక తెగ కలదు. రాజంపేట, రాయచోటి, పీలేరు ప్రాంతములనుండి కువైటునకు పోయిన ఖద్దామాలు, డ్రైవర్లు, మేకలకాపరులు. ఇరువదవ నంబరు వీసాపై పోయి, అకామా యనెడి చీటి కఫీలు చేతిలో నుండగా, వాని దయమీద బ్రదుకువారు. వారిలో అనేకులకు చదువు రాదు. కొందరు స్త్రీలకు ఫోను కూడ యజమానురాలి చేతిలోనిదే. వారికి వార్త కాలక్షేపము గాదు, ప్రాణావసరము. కువైటు ప్రభుత్వము అకామా లేక చిక్కుకొన్నవారికి, మనవారు కల్లివెల్లి యనుచుందురే, వారికి 2018 ఆరంభమున ఒకసారియు, 2024లో మరియొకసారియు క్షమాభిక్ష ప్రకటించినది. గడువులోగా రాయబారికార్యాలయమునకు పోయి కాగితము తీసికొన్నవారు జుల్మానా లేకుండ ఇల్లు చేరిరి. గడువు సంగతి గడువు తీరిన తరువాత వినినవానికి మిగిలినది మరల దాగుకొనుటయో, చెరసాలయో. ఒక తేదీ, ఒక చిరునామా, వెంట తీసికొనిపోవలసిన కాగితముల పట్టిక. వార్త యంతయు ఇంతే. ఇందులో సంచలనము లేదు, నాయకుడు లేడు, నటుడు లేడు. కనుక మన వార్తాంగళ్ళలో దీనికి వెల లేదు. ఇది ఇంటికి ఫోను చేసిన బంధువు నోటను, మసీదు వాకిట నిలిచిన తోటి కూలివాని నోటను ప్రాకవలసివచ్చెను. మూడు నెలల గడువులో ప్రతి వారము మొదటి పుటలో పెద్ద యక్షరములతో ఈ నాలుగు పంక్తులు వేసి, చదువురానివారికి వినిపించుడని వారి పిల్లలకు చెప్పుట పత్రికల పని కాదా? మా వంటి చిన్న పత్రికలును ఆ పని తగినంత చేయలేదు. ఈ తప్పులో మా పాలును మేము ఒప్పుకొనుచున్నాము.

2025 జూను 23వ తేదీ రాత్రి ఇరాను క్షిపణులు కతారులోని అమెరికా సైనికస్థావరముపై పడినప్పుడు కతారు, కువైటు, బహ్రెయిను దేశములు తమ ఆకాశమార్గములను కొన్ని గంటలు మూసివేసినవి. ఢిల్లీలోను మదరాసులోను అది పరరాష్ట్రవార్త. రాయచోటిలో అది యింటివార్త. ఇట్లే మరియొకటి. 2025 వేసవిలో మన జిల్లా తోతాపురి మామిడి ధర పడిపోయి, రైతులు కాయను రోడ్డుప్రక్క పారబోసిరి; గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు ఎనిమిది రూపాయ లిచ్చునట్లు, ప్రభుత్వము నాలుగు కలుపునట్లు ఏర్పాటు చేయవలసివచ్చెను. ఆ గుజ్జు త్రాగువారు గల్ఫు దేశములలోను ఐరోపాలోను నున్నారు. బేరము అచ్చట మందగించిన, చెట్టు ఇచ్చట నరుకబడును. కాబట్టి స్థానికవార్త యొకటి, లోకవార్త వేరొకటి యను విభాగము మన పత్రికల పుటలలోనిదే గాని బ్రదుకులోనిది గాదు. దుబాయిలో కొట్టు పెట్టుకొన్న పుత్తూరువాడు ఆ మామిడిగుజ్జు బేరము గూర్చి రెండు పంక్తులు వ్రాసి పంపినచో, ఢిల్లీ విలేకరి వ్రాయు రెండు పుటలకంటె మా రైతులకు మేలు. ఇంతవరకు అట్టి యుత్తరము ఒక్కటియు మాకు రాలేదు.

ఇక స్థానికవార్త వ్రాయువాని సంగతి. చిన్న యూళ్ళలోని విలేకరికి పెద్ద పత్రికలు జీతమీయవు. అచ్చైన పంక్తులను కొలిచి కూలి యిత్తురు. దానికి తోడు ప్రకటనలు తెమ్మని లెక్క నిర్ణయింతురు. ప్రకటన యడుగవలసినది యెవరిని? ఊరి నాయకుని, కంట్రాక్టరును, ఇసుక వ్యాపారిని. పండుగనాడు వారి శుభాకాంక్షలు అచ్చువేయించిన విలేకరి మరునాడు వారి ఇసుక లారీల సంఖ్య యెట్లు వ్రాయగలడు? వాడు చెడ్డవాడై వ్రాయకుండుట లేదు. వ్రాసిన వాని యింట పొయ్యి వెలుగదు. అందుచేతనే జిల్లా పుటలో మీకు కనబడునది సన్మానములు, పుట్టినదినములు, నాయకుని పరామర్శలు, బడికి బల్లలిచ్చిన "ఎన్నారై దాత" ఛాయాపటము. ఆ దాత తన పటము చూచుకొని సంతసించుచున్నాడు. ఆ బడిలో ఉపాధ్యాయు లెందరుండవలెను, ఎందరున్నారు, నగరి, పుత్తూరు మరమగ్గముల పనివారి పిల్లలు ఎన్నవ తరగతిలో బడి మానుచున్నారు, ఈ సంగతులు ఆయన యడుగడు, విలేకరి వ్రాయడు.

రెండేండ్లకొకసారి అమెరికా నగరములలో జరుగు తెలుగు మహాసభల వైభవమును మేము తప్పుపట్టము. దూరమున నున్నవారు కలిసికొని పాడుకొనుట, ఆడుకొనుట సహజము. ఆ సభలకు ఇచ్చటినుండి నటులను, నాయకులను, అవధానులను పిలిపించి సత్కరించుచున్నారు గదా. ఒక్క సభకైనను, ఒక్క గ్రామీణ విలేకరిని పిలిపించి, "మా జిల్లాలో ఏమి జరుగుచున్నది, నీవు వ్రాయలేకపోయిన దేమి?" అని అడిగి వినుడు. పటములకు, పూలదండలకు అగు వ్యయములో వేయింట నొక వంతుతో ఒక్కొక్క నియోజకవర్గమున ఒక్కొక్క విలేకరికి ఏడాది జీతము వెళ్ళును. ఏ నాయకునికిని వెరవక అతడు వ్రాయును. అప్పుడు పరదేశములో కూర్చుండి చదువుడు.

ఒక ప్రతివాదము మాకు తెలియును. "దేశము విడిచినవాడు దేశమును గూర్చి తీర్పులు చెప్పరాదు. ఉన్నచోటి సంగతి చూచుకొనవలెను. పన్ను కట్టనివాడు, వానకు తడియనివాడు, కరెంటు కోతకు చెమర్చనివాడు మాకు నీతులు చెప్పనేల?" అని యిచ్చటివారిలో బుద్ధిమంతులే యనుచున్నారు. ఇందులో సత్యము కలదు. ఉన్నచోటి వార్తను చదువనివాడు సొంత యూరి వార్తను సరిగా చదువలేడు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాసు రాష్ట్రములోని ఓలేథలో తెలుగు యువకుడొకడు జాతిద్వేషపు తుపాకికి బలియైనప్పుడుగాని, ఆ దేశపు గాలి యెటు వీచుచున్నదో మనవారిలో పెక్కండ్రు పట్టించుకొనలేదు. పొరుగువాని భాషలో పత్రిక చదువక, పొరుగువానితో పలుకక, రాత్రి తెల్లవార్లు మన శాసనసభలోని తిట్లు వినుచు నుండువాడు రెండు ఊళ్ళకును పరాయివాడు. కాని ఆ కారణమున ఊరివార్త విడువుమనుట న్యాయము గాదు. ఊరిలో వానికి తల్లిదండ్రులున్నారు, పొలమున్నది, అప్పున్నది. వాడు పంపు సొమ్ముతో ఊరి అంగళ్ళు నడుచుచున్నవి. తీర్పు చెప్పుటకు ముందు ఒక యేడాది ఓపికగా చదువుమనియే మేము కోరునది. తన మండలములోని చెరువుల పేర్లు, బడుల పేర్లు చెప్పగలిగిన నాడు వాడు చెప్పు తీర్పును మేము మొదటి పుటలో వేయుదుము.

ఊరు కదలకుండగనే పరదేశమునకు పోయినవారిని గూర్చి కూడ ఇచ్చట చెప్పవలెను. 1960 ఏప్రిలు 1వ తేదీన మన చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి ప్రాంతము మదరాసు రాష్ట్రములో చేరెను. అది పటాస్కరు నిర్ణయము. నేడు దానిని తిరుగదోడుట మా పని గాదు. ఆ ప్రాంతపు తెలుగు కుటుంబములు ఆ రాత్రి తమ యిండ్లలోనే పండుకొని, ఉదయమున వేరు రాష్ట్రమున లేచినవి. పుత్తూరునుండి తిరుత్తణికి రైలులో గంట ప్రయాణము. నేటికిని సంబంధ బాంధవ్యములు ఇటునటు సాగుచునేయున్నవి. అయినను మన పత్రికలలో తిరుత్తణి తెలుగువాని సంగతి సంవత్సరమున కెన్నిసార్లు వచ్చుచున్నది? టెక్సాసునకు జిల్లాపుట పంపుచున్నామని గర్వించు మనము నగరి దాటిన వెంటనే విలేకరిని వెనుకకు పిలిచికొనుచున్నాము.

ఈ వ్యాసము ముగించుచుండగా, మొదట చెప్పిన మా వృద్ధమిత్రుని కుమారునియొద్దనుండి ఉత్తరము వచ్చినది. ఏడాది చందా పంపితినని వ్రాసి, అడుగున ఒక ప్రశ్న వేసెను. 2021లో ఊటవచ్చిన చోట రాయలచెరువు కట్ట నేడెట్లున్నది, ఈ సంవత్సరపు వానలకు నిలుచునా, తాను ఎంత వెదకినను ఏ పత్రికలోను కనబడలేదు అని. మాకును తెలియదు. రేపటి ఉదయము బస్సులో మా మనిషిని కట్టమీదికి పంపుచున్నాము.